టెలోమియర్ పొడుగుంటే ఆయుష్షు పొడుగంటారు కదా, మరి పొగాకు మొక్క సంగతేంటి?

మొలక
వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి. టాపిక్: మొక్కల్లో టెలోమియర్లు, వాటిని తిరిగి పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్. చదివేకొద్దీ బుర్ర తిరిగిపోతోంది. ఏ వీడియో చూసినా ఒకటే పాట. కణం విభజన చెందిన ప్రతిసారీ క్రోమోజోమ్ కొసన ఉండే టెలోమియర్ కాస్త అరుగుతుంది, మరీ పొట్టిదైపోతే కణం విభజన ఆపేస్తుంది, ముసలితనం అంటే అదే. సరేనని మొక్కల లెక్కలు తీస్తే దేనికీ పొంతన లేదు.

ల్యాబుల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో టెలోమియర్ 2 నుంచి 5 కిలోబేస్‌లు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు). మనిషికి పుట్టినప్పుడు 10 నుంచి 15. పొగాకులో 150 దాకా ఉంటుందట! ఆ లెక్కన పొగాకు మొక్క యుగాలు బతకాలి. అది ఒక్క పంటకాలంలో పూసి, కాసి, ఎండిపోతుంది. ఇంకోపక్క వేల ఏళ్లు బతికే చెట్లున్నాయి. వాటి కొమ్మల కొనల్లో ఏటా కణాలు విభజన చెందుతూనే ఉన్నాయి కదా, కణం 40-60 సార్లు విభజన చెంది ఆగిపోతుందని హేఫ్లిక్ చెప్పిన హద్దు వాటికెందుకు అడ్డురాదు?

నిర్వచనాలు నా దగ్గర బోలెడున్నాయి. మొక్క కణం బతకడంలో టెలోమియర్ నిజంగా చేసే పనేంటో ఎవరైనా విడమరిచి చెప్పండి.

ఆకుఈనె
హేఫ్లిక్ హద్దు మనిషి ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద 1961లో తేలిన సంగతి. ఆ కణాల్లో టెలోమరేజ్ పనిచెయ్యదు. చెట్టు కొనలో పనిచేస్తుంది. ఒకదాని హద్దు తెచ్చి ఇంకోదానికి అంటగడితే ఇలాగే చిక్కుముడి పడుతుంది.

వేరుకొన
మొలక గారి పోస్టులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. విడివిడిగా చూద్దాం.

మొదటిది, టెలోమియర్ అసలు పని. కణం దృష్టిలో తెగిన డీఎన్‌ఏ కొస అంటే పెద్ద ప్రమాదం. ఎక్కడ కనిపించినా మరమ్మతు ప్రోటీన్లు వచ్చి దాన్ని ఇంకో కొసతో అతికించేస్తాయి. మరి క్రోమోజోమ్‌కి సహజంగానే రెండు కొసలున్నాయి కదా, వాటిని ఎందుకు అతికించవు? అక్కడ టెలోమియర్ వరస, దాని మీద కూర్చున్న ప్రోటీన్లు కలిసి "ఇది తెగింది కాదు, ఇక్కడితో అయిపోయింది" అని గుర్తు పెడతాయి. తాడు కొసకి వేసిన ముడి లాంటిది. ముడి ఉన్నంతసేపూ తాడు పురి విడదు. చాలా మొక్కల్లో ఈ వరస టీటీటీఏజీజీజీ, ఇదే వందలసార్లు, వేలసార్లు వరుసగా వస్తుంది. 1988లో రిచర్డ్స్, ఆసుబెల్ అరాబిడాప్సిస్‌లో దీన్ని పట్టుకున్నారు. మనిషి వరసలో టీ ఒకటి తక్కువ, అంతే తేడా.

డీఎన్‌ఏని కాపీ చేసే యంత్రాంగం చిట్టచివరి కొస దాకా పూర్తిగా చెయ్యలేదు కాబట్టి ప్రతి విభజనలో కొంత పోతుంది. పోయినదాన్ని తిరిగి రాసే ఎంజైమే టెలోమరేజ్. దానిలో టెర్ట్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఏం రాయాలో చూసుకోవడానికి ఒక ఆర్‌ఎన్‌ఏ అచ్చు కూడా లోపలే ఉంటుంది. దీన్ని గ్రైడర్, బ్లాక్‌బర్న్ టెట్రాహైమీనా అనే ఏకకణజీవిలో కనిపెట్టి 1985లో ప్రచురించారు. 2009 నోబెల్ వాళ్లిద్దరికీ, షోస్టాక్‌కీ వచ్చింది.

రెండోది, మొక్కలో ఈ ఎంజైమ్ ఎక్కడుంటుంది? వేరు కొన, కొమ్మ కొన, పూమొగ్గ, పిండం, కాలస్ (ఏ అవయవంగానూ మారకుండా పెరిగే కణాల ముద్ద). అంటే కణాలు విభజన చెందే ప్రతిచోటా. ముదిరిన ఆకులో వెతికితే దాదాపు దొరకదు. కాలీఫ్లవర్, క్యారెట్, సోయా, వరి, అరాబిడాప్సిస్ లాంటి వాటిలో 1996లోనే ఈ తీరు కనిపించింది. ముదిరిన ఆకు కణం ఇక విభజన చెందదు, దానికి అరుగుదల ఎక్కడిది?

ఇక పొడవంటారా, జాతిజాతికీ అరుగుదలా పెరుగుదలా సరిసమానమయ్యే స్థాయి ఒకటి ఉంటుంది. అది 3 కిలోబేస్‌ల దగ్గరున్నా 100 దగ్గరున్నా ఆయుష్షుతో సూటి సంబంధం లేదు. మీ పొగాకు లెక్కే దానికి సాక్ష్యం.

చీమదండు
ముడి పోలిక బాగుంది. మా సార్ ఇలా చెప్పి ఉంటే నేనూ బయాలజీలోనే ఉండిపోయేవాణ్ణి :)

పాతచెట్టు
వేరుకొన గారూ, "సూటి సంబంధం లేదు" అని అంత గట్టిగా అనేస్తే ఎలా? బ్రిసిల్‌కోన్ పైన్ మాటేంటి? కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్‌లో ఉన్న మెథూసెలా అనే చెట్టు వయసు 4,800 ఏళ్లు దాటింది. 2005లో ఫ్లానరీ, క్లెటెట్ష్కా ఈ పైన్‌నీ తక్కువకాలం, మధ్యస్థంగా బతికే చెట్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. ఎక్కువకాలం బతికే వాటిలో టెలోమియర్ పొడవు, టెలోమరేజ్ పని రెండూ ఎక్కువగా కనిపించాయి. గింగ్కోలో కూడా టెలోమియర్ల మీద ఇలాంటి పని జరిగింది. చెట్ల దగ్గరికొచ్చేసరికి పొడవుకీ ఆయుష్షుకీ లంకె ఉందనే నా నమ్మకం.

ఆకుఈనె
ఆ పేపర్ నేనూ చదివాను. కొద్ది జాతుల పోలిక అది. రెండు విషయాలు జంటగా కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణం అయిపోదు. ఎక్కువకాలం బతికే చెట్టుకి టెలోమరేజ్ తప్పనిసరి అంటే ఒప్పుకుంటాను. టెలోమరేజ్ ఎక్కువుంది కాబట్టే ఎక్కువకాలం బతుకుతోంది అంటే మాత్రం ఒప్పుకోను.

వేరుకొన
ఆకుఈనె మాటే నాదీ. గింగ్కో గురించి ఎత్తారు కాబట్టి ఒకటి కలుపుతాను. 2020లో 600 ఏళ్లు పైబడ్డ గింగ్కో చెట్ల దాకా తీసుకుని కాంబియం (బెరడు కింద ఉండి కాండాన్ని లావు చేసే కణాల పొర) పరిశీలించారు. ముసలి చెట్టు ఏటా వేసే వలయం సన్నబడింది గానీ, కాంబియం కణాల్లో ముసలితనపు జన్యువులు మేల్కొన్న జాడ లేదు. అవే చెట్ల ఆకులు మాత్రం ఏటా పండి రాలుతాయి, ఆ ఆకుల్లో ముసలితనపు జన్యువులు గట్టిగా పనిచేస్తాయి. చెట్టు ఒకటే, జీనోమ్ ఒకటే, ఆకుది ఒక దారి, కాంబియంది ఒక దారి. ఆకు పండటానికి టెలోమియర్ అరగక్కర్లేదు. అది హార్మోన్లూ జన్యువులూ కలిసి నడిపే కార్యక్రమం. పొగాకు పూసి, కాసి ఎండిపోవడమూ ఆ కోవలోదే. విత్తనాల పని పూర్తయ్యాక జరిగే ముగింపు అది, కొసలు అరిగి ఆగిపోవడం కాదు.

పాతచెట్టు
కాంబియం విషయం ఒప్పుకుంటాను. కానీ మొలక గారి అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. వేల ఏళ్లలో ఆ కొనలో కణం ఎన్నిసార్లు విభజన చెంది ఉంటుంది? టెలోమరేజ్ ఎంత రాసినా, కాపీ తప్పులు పోగుపడవా?

పదోతరం
ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలనే లాగిన్ అయ్యాను. అనుకున్నదానికంటే చాలా తక్కువసార్లు. కొమ్మ కొనలోనూ వేరు కొనలోనూ అన్ని కణాలూ ఒకే వేగంతో విభజన చెందవు. నడిమధ్యన ఉండే కొద్ది మూలకణాలు ఎప్పుడో ఒకసారి విభజన చెందుతాయి. వాటి పిల్ల కణాలు చకచకా కొన్నిసార్లు విభజన చెంది, తర్వాత సాగి పెద్దవైపోతాయి. మొక్క ఎత్తు పెరగడంలో ఎక్కువ వంతు ఆ సాగుడుదే. పక్క మొగ్గకి కావలసిన కణాలు కూడా తొందరగానే వేరుపడి ఊరకుంటాయని 2016లో బురియన్, కుహ్లెమీయర్ బృందం చూపించింది.

2016లోనే ఇంకో ముచ్చటైన పని వచ్చింది. టెలోమరేజ్ లేని అరాబిడాప్సిస్‌లో తరానికి ఎంత టెలోమియర్ పోయిందో కొలిస్తే మధ్యలో ఎన్ని విభజనలు జరిగాయో అంచనా వెయ్యొచ్చు కదా. తొందరగా పూసిన మొక్కల్లోనూ, చాలాకాలం ఆకులే వేస్తూ ముదిరిన మొక్కల్లోనూ అలా కొలిచారు. తేడా దాదాపు లేదు! మొక్క ఎంత ముదిరినా విత్తనం దాకా నడిచే కణాల వరసలో విభజనల సంఖ్య పెద్దగా పెరగదన్నమాట. సంతానం జీనోమ్ చదివి చూసినా, ముసలి మొక్క పిల్లల్లో మ్యుటేషన్లు ఎక్కువ లేవు.

టెలోమియర్‌ని విభజనలు లెక్కపెట్టే సాధనంగా వాడుకోవడం ఆ పేపర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

మొలక
అబ్బ, ఇది సెమినార్‌లో తప్పకుండా పెట్టాలి. పదోతరం గారూ, మీ పేరు చూస్తే టెర్ట్ మ్యూటెంట్ల (టెర్ట్ జన్యువు చెడిపోయిన మొక్కల) మీదే పనిచేస్తున్నట్టున్నారు. టెలోమరేజ్ పూర్తిగా తీసేస్తే మొక్క అక్కడికక్కడే చచ్చిపోదా?

పదోతరం
చచ్చిపోదు. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను :)

1999లో అరాబిడాప్సిస్‌లో టెర్ట్ జన్యువు చెడిపోయిన మొక్కల గురించి మొదటి పేపర్ వచ్చింది. మొదటి తరం చూడ్డానికి మామూలు మొక్కే, తేడా పట్టలేం. తరానికి సుమారు 500 బేస్ జతలు పోతాయి, అంతే. మొదట్లో 3,000 ఉన్న కొస అరిగి ప్రమాదస్థాయికి రావడానికి తరాలు పడుతుంది. 2001లో రిహా, షిప్పెన్ వాళ్లు అదే వరసని చివరంటా నడిపించారు. పది తరాల దాకా వచ్చింది. మొదటి ఐదు తరాలు చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ లేకుండా గడిచిపోయాయి. ఆ తర్వాత మొదలైంది అసలు కథ.

నేను కళ్లారా చూసింది చెప్తాను. ఆలస్యపు తరం మొక్క నుంచి చిన్న పూమొగ్గ తీసి, అండకోశాన్ని స్లయిడ్ మీద నలిపి, డీఎన్‌ఏకి అంటుకునే నీలి రంగు వేసి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడతాం. మామూలు మొక్కలో విభజన చివరి దశలో రెండు నీలి గుంపులు శుభ్రంగా విడిపోయి కనిపిస్తాయి, మధ్యలో ఖాళీ. ఈ మొక్కలో ఆ రెండు గుంపుల మధ్య సన్నని నీలి దారం సాగి ఉంటుంది. ఒక్కోసారి రెండు దారాలు. కొస అరిగిపోయిన రెండు క్రోమోజోమ్‌లు ఒకదానికొకటి అతుక్కుని, రెండు ధ్రువాలూ చెరోవైపు లాగుతుంటే మధ్యలో చిక్కుకున్న వంతెన అది. కాసేపటికి ఎక్కడో తెగుతుంది. తెగిన కొస మళ్లీ ఇంకోదానికి అతుక్కుంటుంది.

ఆకులు చిన్నబోతాయి, వంకరపోతాయి, విత్తనాలు తగ్గిపోతాయి. ఆఖరి తరం మొక్కలు పూత దాకా రాకుండా ఆకుల దశలోనే నిలిచిపోతాయి. కొమ్మ కొన ఉబ్బి, సగం కాలస్ ముద్దలా తయారవుతుంది. కానీ ఇది వినండి, అవి మామూలు మొక్కలకంటే ఎక్కువకాలం బతికాయి. క్రోమోజోమ్‌లు అంతగా ఛిద్రమైన స్థితిలో కూడా!

చీమదండు
ఆగండాగండి. కొసలు అరిగిపోయిన మొక్క ఎక్కువకాలం బతకడమేంటి? ఇది మొలక గారి ప్రశ్నని ఇంకా జటిలం చేసింది కదా.

వేరుకొన
పూత రాలేదు, విత్తనం కట్టలేదు. పండిపోవడానికి కావలసిన సంకేతం అందలేదు. అందుకే ఆకుపచ్చగా ఉండిపోయింది. పైన పొగాకు గురించి చెప్పింది ఇక్కడికీ వర్తిస్తుంది.

కణగోడ
ఇంకో కారణం కూడా ఉంది. జంతువుల్లో డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 అనే ప్రోటీన్ రంగంలోకి దిగి కణాన్ని ఆపేస్తుంది, లేదా చంపేస్తుంది. మొక్కల్లో పీ53 లేదు. ఆ పని చాలావరకు సాగ్1 అనే వేరే ప్రోటీన్ చూసుకుంటుంది. అది డీఎన్‌ఏ దెబ్బని పసిగట్టే ఏటీఎం, ఏటీఆర్ అనే కైనేజ్ ఎంజైమ్‌ల నుంచి సంకేతం అందుకుని రెండు మూడు దారులు తొక్కుతుంది. కొన్నిచోట్ల మరమ్మతు చేయిస్తుంది. కొన్నిచోట్ల కణం విభజన మానేసి, డీఎన్‌ఏని మాత్రం రెట్టింపు చేసుకుంటూ పెద్దదైపోతుంది. మూలకణాల్లో అయితే ఆ కణాన్నే చావనిస్తుంది. వేరు కొనలో మూలకణాలు ఈ విషయంలో మరీ సున్నితం. తేలికపాటి డీఎన్‌ఏ నష్టానికే చనిపోతాయి, చుట్టుపక్కల బాగున్న కణాలు విభజన చెంది ఆ ఖాళీ నింపుతాయి.

పైగా మొక్క కణం గోడలో బిగుసుకుని ఉంటుంది. జంతువుల్లో క్యాన్సర్ కణంలా లేచి ఇంకో చోటికి పోయే అవకాశం లేదు. ఒక కొమ్మ పాడైతే ఆ కొమ్మే పోతుంది. అందుకే జీనోమ్ చెదిరిపోయినా మొక్క అంతకాలం నెట్టుకురాగలుగుతోందని నా అభిప్రాయం.

ఆకుఈనె
కణగోడ గారి మాటకి ఒక బలం. టెర్ట్‌తో పాటు ఏటీఎం కూడా లేని జంట మ్యూటెంట్లలో కష్టాలు చాలా ముందు తరాల్లోనే మొదలవుతాయి. అంటే పొట్టి టెలోమియర్లని కనిపెట్టి చూసుకునే కాపలా అక్కడ నిజంగా ఉంది. అది ఉంది కాబట్టే పది తరాలు.

తోటపిచ్చి
నాకు మీ జన్యువుల పేర్లు సగం అర్థం కాలేదు గానీ చర్చ మొత్తం చదివాను. ఎప్పటినుంచో ఉన్న సందేహం ఒకటి అడుగుతాను. నా దగ్గర ఒక గులాబీ ఉంది, కొమ్మ కత్తిరించి నాటి, అది పెరిగాక దాని కొమ్మ కత్తిరించి నాటి, ఇలా ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాను. ఈమధ్య పూలు చిన్నవవుతున్నాయి. అడిగితే ఒకాయన "తల్లి వయసు పిల్లకి వచ్చింది, టెలోమియర్లు అయిపోయాయి" అన్నాడు. నిజమేనా? చెప్పాలంటే అప్పటినుంచి ఆ మొక్కని చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

పదోతరం
టెన్షన్ పడకండి. కొమ్మ కత్తిరించి నాటినప్పుడు పెరిగేది దాని మొగ్గల్లోని మెరిస్టెమ్, అంటే విభజన చెందే కణాల గుంపు. అక్కడ టెలోమరేజ్ పనిచేస్తూనే ఉంటుంది. ద్రాక్ష రకాలు కొన్ని వందల ఏళ్లుగా విత్తనం అనేది లేకుండా కొమ్మల ద్వారానే వస్తున్నాయి. టెలోమియర్లు అయిపోయేలా ఉంటే అవి ఏనాడో అంతరించేవి.

సీసాలోమొక్క
తోటపిచ్చి గారూ, కత్తిరింపుల ద్వారా తరతరాలుగా పెంచే మొక్కల్లో ముందు అనుమానించాల్సింది వైరస్‌ని. విత్తనం ద్వారా చాలా వైరస్‌లు దాటవు, కొమ్మ ద్వారా మాత్రం తిన్నగా దాటిపోతాయి, ఏటేటా పోగుపడతాయి. ఆకుల మీద పసుపు మచ్చలు, ఈనెల వెంట గీతలు ఉన్నాయేమో చూడండి. కుండీలో వేర్లు ఇరుక్కుపోవడం, మట్టిలో సారం తగ్గడం కూడా కారణం కావచ్చు. ఇంకోటి, "కొమ్మ వయసు" అనేది ఉన్నమాట నిజమే. పూత దశకొచ్చిన చెట్టు కొమ్మ నాటితే తొందరగా పూస్తుంది, వేర్లు పట్టడం కష్టమవుతుంది. కానీ అది జన్యువుల స్విచ్చుల్లో వచ్చే మార్పు. కొసల పొడవుతో పనిలేదు.

తోటపిచ్చి
ఈనెల వెంట గీతలున్నాయి! ఇప్పుడే చూసొచ్చాను. టెలోమియర్ పేరు చెప్పి నన్ను ఇంతకాలం భయపెట్టారన్నమాట. వేరే పోస్టు పెడతాను ఫొటోలతో.

సీసాలోమొక్క
పెట్టండి, చూస్తాను. పనిముట్లు కడగకుండా ఇంకో మొక్కకి వాడకండి.

మొలక గారికి టిష్యూ కల్చర్ వైపు నుంచి ఒక మాట. బార్లీ మీద 1995లో కిలియన్ బృందం చేసిన పని చూడండి. పిండంలో 80 కిలోబేస్‌ల టెలోమియర్ ఆకులో 30కి తగ్గింది. అదే చాలాకాలం సీసాలో పెంచిన కాలస్‌లో 300 దాకా పెరిగింది! నేను రోజూ కాలస్ ముద్దలని కొత్త మీడియంలోకి మారుస్తుంటాను కాబట్టి నాకు ఆ అంకె చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆపకుండా విభజన చెందే ముద్దలో కొసలు అరగాల్సింది పోయి పెరగడం!

ఆకుఈనె
బార్లీ ఫలితాన్ని అన్ని మొక్కలకీ వర్తింపజెయ్యొద్దు. తెల్ల సైలీన్ అనే పూలమొక్కలో, పొగాకులో చూస్తే మొగ్గలోనూ ముదిరిన ఆకులోనూ పొడవు దాదాపు ఒకటే. బార్లీలో అన్నేసి కిలోబేస్‌లు ఎలా తగ్గాయన్నది ఒక్క విభజనల లెక్కతోనే తేలే విషయం కాదు.

సీసాలోమొక్క
నిజమే. కానీ కాలస్‌లో టెలోమరేజ్ మళ్లీ మేల్కోవడం మాత్రం అన్నిచోట్లా కనిపిస్తుంది. ఆకు ముక్కలో పనిచెయ్యని ఎంజైమ్ హార్మోన్ తగలగానే, కణం తిరిగి విభజనలోకి దిగగానే వచ్చేస్తుంది. ఆక్సిన్ అనే హార్మోన్ పాత్ర కూడా ఉంది. టాక్1 అనే జన్యువుని ఎక్కువగా పనిచేయిస్తే అరాబిడాప్సిస్ ముదిరిన ఆకుల్లోనే టెలోమరేజ్ పుట్టుకొచ్చింది, ఆక్సిన్ దారిలోనే అది జరిగిందని తేలింది. ఆకు కణం ఒకసారి ఆపేసినంత మాత్రాన తలుపు మూసుకుపోలేదు. మొక్క ఏ ముక్క నుంచైనా తిరిగి లేస్తుందంటే దానికింద ఇదొక ఆధారం.

జొన్నకంకి
ఇంత చర్చ జరుగుతుంటే మొక్కజొన్న క్రోమోజోమ్‌ల మీద పనిచేసిన శాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ పేరు ఎవరూ ఎత్తకపోవడం బాధగా ఉంది. టెలోమియర్ కథ మొక్కజొన్నలోనూ, ముల్లర్ చూసిన డ్రోసోఫిలా ఈగలోనూ మొదలైంది. 1938లో ముల్లర్ ఆ పేరు పెట్టాడు. అదే కాలంలో మెక్లింటాక్ మొక్కజొన్న క్రోమోజోమ్‌లు తెగితే ఏమవుతుందో మైక్రోస్కోప్‌లో చూస్తోంది. తెగడం, అతుక్కోవడం, వంతెన కట్టడం, మళ్లీ తెగడం. పదోతరం గారు పైన చెప్పిన నీలి దారం ఆవిడ అప్పుడే చూసింది, ఫ్లోరెసెన్స్ రంగులేమీ లేకుండా.

ఆవిడ గమనించిన ఇంకో విషయం నాకు మరీ ఇష్టం. తెగిన క్రోమోజోమ్ గింజలోని ఎండోస్పెర్మ్‌లోకి వెళ్తే ఈ చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. గింజ మీద రంగు మచ్చల్లో అది కంటికి కనిపిస్తుంది కూడా. అదే తెగిన కొస పిండంలోకి వెళ్తే మానిపోతుంది! మానిన కొస ఇక అతుక్కోదు. 1941కల్లా ఆవిడ దీన్ని రాసిపెట్టింది. టెలోమరేజ్ అనే ఎంజైమ్ బయటపడటానికి నలభై ఏళ్ల ముందు! పిండంలో ఏదో ఉంది, అది తెగిన కొసకి కొత్త కొస కడుతోందని ఒక్క మొక్కజొన్న గింజ చూపించింది. ఎండోస్పెర్మ్ ఎలాగూ మొలకకి ఆహారమై అయిపోయేదే. పిండం మాత్రం తరాల తరబడి సాగాలి.

మొలక గారూ, నా మాట విని సెమినార్ ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

మొలక
తప్పకుండా పెడతాను జొన్నకంకి గారూ. మెక్లింటాక్ అంటే జంపింగ్ జీన్స్ (చోటు మారే జన్యువులు) ఒక్కటే అని చెప్పి వదిలేస్తారు మాకు.

ఇంకో సాయం కావాలి. మా సీనియర్ ఒకరు ఆకుల సారంతో ట్రాప్ పరీక్ష (టెలోమరేజ్ పనిచేస్తోందో లేదో చూసేది) చేసి, జెల్ మీద బ్యాండ్లు రాకపోతే "ఆకులో టెలోమరేజ్ లేదు" అని తేల్చేశారు. టెలోమియర్ పొడవు కూడా పీసీఆర్‌తోనే (డీఎన్‌ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి) కొలిచేద్దాం అంటున్నారు. రెండూ సరేనా?

జెల్‌మరక
రెండింటికీ బ్రేక్ వెయ్యండి.

ట్రాప్ పరీక్షలో చివర పీసీఆర్ ఉంటుంది. ఆకు సారంలో పాలీఫినాల్స్, పాలీశాకరైడ్లు దండిగా ఉంటాయి, పీసీఆర్‌ని ఆపేస్తాయి. బ్యాండ్ రాకపోవడం ఎంజైమ్ లేకపోవడం వల్లా, పీసీఆర్ ఆగిపోవడం వల్లా ఎలా తెలుస్తుంది? పూమొగ్గల సారం తీసుకుని (దాన్లో టెలోమరేజ్ పక్కాగా ఉంటుంది) ఒక ట్యూబులో విడిగా, ఇంకో ట్యూబులో ఆకు సారంతో కలిపి పెట్టండి. కలిపిన ట్యూబులో కూడా నిచ్చెన మెట్లలాంటి బ్యాండ్లు వస్తే ఆకు సారం అడ్డుపడటం లేదని అర్థం. అప్పుడే ఆకు ఖాళీ లేన్‌ని నమ్మాలి. సారాన్ని పలచన చేసి కూడా ఒకసారి చూడండి. ఒక లేన్‌లో ఆర్‌ఎన్‌ఏజ్ వేసిన సారం పెట్టండి, అచ్చు ఆర్‌ఎన్‌ఏ పోతే బ్యాండ్లు పోవాలి.

పొడవు విషయానికొస్తే, టెలోమియర్ వరసలు కొసల్లోనే ఉండవు. అరాబిడాప్సిస్ ఒకటో క్రోమోజోమ్‌లో సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) పక్కన పెద్ద ముక్కే ఉంది. బంగాళాదుంప బంధువుల్లో అయితే సెంట్రోమియర్ల దగ్గర కుప్పలు కుప్పలుగా ఉంటుంది. పీసీఆర్ వాటన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. మీ మొక్క ఏదో తెలియకుండా ఆ అంకెని నమ్మలేం.

నేనైతే పాత పద్ధతికే ఓటేస్తాను. టీఆర్ఎఫ్ సదరన్. టెలోమియర్ వరసలో కొయ్యని రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో మొత్తం డీఎన్‌ఏని ముక్కలు చేసి, జెల్ నడిపి, టెలోమియర్ వరసకి అంటుకునే ప్రోబ్‌తో చూడటం. అరాబిడాప్సిస్‌కి 2 నుంచి 5 కిలోబేస్‌ల మధ్య నల్లగా పరుచుకున్న మరక వస్తుంది, బ్యాండ్ కాదు. కణాలన్నిటిలో పొడవు ఒకేలా ఉండదు కాబట్టి మరకే సరైన ఫలితం. మొదటిసారి చూసినవాళ్లు జెల్ పాడైందని పారేస్తారు, మా జూనియర్లకి ఇదే నెత్తీనోరూ కొట్టుకుని చెప్తుంటాను. మీది పొగాకు లాంటిదైతే మామూలు జెల్ పనికిరాదు, చాలా పొడుగు ముక్కల్ని విడదీసే పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ కావాలి. డీఎన్‌ఏని కూడా అగరోజ్ ప్లగ్‌లలో తియ్యాలి, పైపెట్‌తో పీలిస్తేనే అంత పొడుగు ముక్కలు తెగిపోతాయి.

చీమదండు
"మీ జెల్ పాడవలేదు, పారెయ్యకండి" అని మీ ల్యాబ్ తలుపు మీద రాయించండి జెల్‌మరక గారూ :)

ఉల్లిపొర
అందరూ టీటీటీఏజీజీజీ ప్రోబ్ అంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మీ మొక్క ఉల్లి, వెల్లుల్లి జాతిదైతే ఆ ప్రోబ్‌తో ఏమీ కనిపించదు. ఆస్పరాగలీస్ క్రమంలో చాలా మొక్కలు ఎప్పుడో మనిషి తరహా టీటీఏజీజీజీకి మారిపోయాయి. ఉల్లి అయితే అదీ వదిలేసింది. దశాబ్దాలపాటు ఉల్లికి టెలోమియర్ వరసే లేదేమో, టెలోమరేజ్ లేకుండా వేరే దారిలో బతుకుతోందేమో అని వాదించుకున్నారు. 2016లో ఫైకస్ బృందం పట్టుకుంది: సీటీసీజీజీటీటీఏటీజీజీజీ, 12 అక్షరాల వరస. దాన్ని రాసేది టెలోమరేజే.

అంతటితో ఆగలేదు. ఆ అసాధారణ వరసనే ఆనవాలుగా పెట్టుకుని, దానికి సరిపోయే అచ్చు ఏ ఆర్‌ఎన్‌ఏలో ఉందో వెతికారు. అలా 2019లో మొక్కల టెలోమరేజ్ అసలు ఆర్‌ఎన్‌ఏ దొరికింది. అంతకుముందు అరాబిడాప్సిస్‌లో అచ్చు ఇదేనని అనుకున్న ఆర్‌ఎన్‌ఏ వేరే, అది ఆ పని చెయ్యడం లేదని తేలింది.

కణగోడ
ఇది నాకు కొత్త. మంచి సంగతి చెప్పారు. నేనూ ఒక వింత కలుపుతాను. అరాబిడాప్సిస్‌లో సుమారు సగం టెలోమియర్ కొసలకి ఒంటిపోగు తోక ఉండదు, రెండు పోగులూ సమంగా ముగుస్తాయి. కూ అనే ప్రోటీన్ జంట అక్కడ కూర్చుని కాపాడుతుంది. తెగిన కొసల్ని అతికించే పనిలో కూడా కూ ఉంటుంది మరి! అతికించే బృందంలోని మనిషే ఇక్కడ అతకకుండా కాపలా కాస్తోంది.

పాతచెట్టు
చర్చంతా చదివాక నా వాదన కొంచెం మార్చి చెప్తాను. పొడవు సంగతి పక్కనపెడదాం. వేల ఏళ్లు బతికే చెట్టులో కొనల్లోనూ కాంబియంలోనూ టెలోమరేజ్ ఆగకుండా ఉండటం, మూలకణాలు అరుదుగా విభజన చెందడం, ఈ రెండూ ఉంటేనే అంత ఆయుష్షు సాధ్యం. చెట్టు చివరికి చచ్చేది పిడుగుకో, బూజుకో, కరువుకో, నిప్పుకో. ఈ మాటకి ఎవరికైనా అభ్యంతరమా?

ఆకుఈనె
ఈ మాటకి నాకు అభ్యంతరం లేదు. ఒక్క సవరణ: పొడవుకి అసలు అర్థమే లేదని కూడా అనొద్దు. 2021లో అరాబిడాప్సిస్ సహజ రకాల్ని పోల్చితే టెలోమియర్ పొడుగున్నవి తొందరగా పూసే వైపు మొగ్గుచూపాయి. ఆయుష్షుతో కాకపోయినా జీవితం నడిచే వేగంతో ఏదో లంకె ఉంది. దాని వెనక యంత్రాంగం ఇంకా తేలాలి.

మొలక
సెమినార్ వరస ఇలా వేసుకున్నాను: మెక్లింటాక్ గింజ, ఎంజైమ్ ఎక్కడ ఉంటుంది ఎక్కడ ఉండదు, పది తరాల టెర్ట్ మొక్క, విభజనల లెక్క, చివర ఉల్లి. ట్రాప్ మళ్లీ చేద్దామని సీనియర్‌కి చెప్పాను, మొగ్గ సారం కలిపిన ట్యూబుతో సహా. ఒప్పుకున్నారు. జెల్‌మరక గారూ, మొగ్గలు ఏ దశలో కొయ్యాలి?

జెల్‌మరక
విచ్చుకోకముందు, ఇంకా ఆకుపచ్చగా గుత్తిగా ఉన్నప్పుడు. కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వెయ్యండి, కరగనివ్వకుండా నూరండి. ఆకులు, మొగ్గలు ఒకే రోజు, ఒకే బఫర్‌తో తియ్యండి, ప్రోటీన్ కొలిచి రెండిట్లోనూ సమానంగా వాడండి. ఫలితం వచ్చాక జెల్ ఫొటో ఇక్కడ పెట్టండి.